వెబ్‌వ్యూలో బొమ్మలు: వినకూడని సలహాలు

కోల్‌కతా సాల్ట్‌లేక్ సెక్టర్ ఫైవ్‌కు యాప్‌లు రాసే ఉద్యోగాల మీద ఏటా కొందరు తెలుగు పిల్లలు కొత్తగా వస్తుంటారు. వచ్చిన కొద్దిరోజులకే వాళ్ళ ముందు ఒక పని వచ్చి పడుతుంది. యాప్‌లో తెరలన్నీ వెబ్ పేజీలు. వాటిని చూపించేది యాప్ లోపల పెట్టిన వెబ్‌వ్యూ. బొమ్మ మాత్రం పేజీ దగ్గర ఉండదు, యాప్ దగ్గర ఉంటుంది. కెమెరా తీసిందో, స్కానర్ ఇచ్చిందో, ఫోన్‌లో దాచిన ఫైలో. ఆ బొమ్మను పేజీలోని జావాస్క్రిప్ట్‌కు ఎలా అందించాలి? అడిగితే చుట్టూ ఉన్న సీనియర్లు తలా ఒక సలహా చెబుతారు. మంచి మనసుతోనే చెబుతారు, తాము చేసి చూశామనీ చెబుతారు. అయినా ఆ సలహాల్లో ఎక్కువ భాగం తప్పు. అవి ఏమిటో, ఎందుకు వినకూడదో, వాటి బదులు ఏం చేయాలో రాస్తున్నాను.

ఉదాహరణ ఊహించి చెప్పను. హుగ్లీ అవతలి ఒడ్డున, హౌరా శివపూర్ వృక్షోద్యానంలో కేంద్రీయ జాతీయ హెర్బేరియం ఉంది. సుమారు 20 లక్షల ఎండు మొక్కల నమూనాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మన దేశపు చిత్రకారుల చేత గీయించిన రెండున్నర వేలకు పైబడిన మొక్కల బొమ్మలు కూడా అక్కడివే. వాటి జోడు ప్రతులు లండన్ క్యూ ఉద్యానంలో ఉన్నాయి. 1793లో ఈ కలకత్తా తోట బాధ్యత తీసుకోకముందు రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో ఉండేవాడు. ఆ చుట్టుపక్కల మొక్కల్ని గీయించడం అక్కడే మొదలుపెట్టాడు, వాటి తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. 1795 నుంచి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో మన మోదుగ బ్యూటియా అన్న పేరుతో కనిపిస్తుంది. బొమ్మ గీసినవాళ్ళ పేర్లు చాలావరకు చరిత్రకు అందలేదు, గీత మాత్రం మిగిలింది.

ఆ గీతను రాజమండ్రిలోనో ఖరగ్‌పూర్‌లోనో చదువుకునే పిల్ల తన చవక ఫోన్‌లో తెరిచి, వేళ్ళతో పెద్దది చేసి, ఆకు ఈనెలు చూడగలగాలి. యాప్ రాసేవాడి బాధ్యత ఇదే. తప్పు సలహా విని రాసిన యాప్ ఆ పిల్ల ఫోన్‌లో మూడో బొమ్మకే మూతపడుతుంది. ఆ అమ్మాయి అది ఫోన్ తప్పనుకుని ఊరుకుంటుంది. తప్పు ఫోన్‌ది కాదు, మనది.

ముందు లెక్క చూద్దాం. 28 × 42 సెంటీమీటర్ల హెర్బేరియం షీటును 600 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 6,600 × 9,900 పిక్సెళ్ళు వస్తాయి. అంటే ఆరున్నర కోట్లు. డీకోడ్ అయి మెమరీలో కూర్చుంటే పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 26 కోట్ల బైట్లు. అదే షీటును 1,080 పిక్సెళ్ళ వెడల్పున్న ఫోన్ తెరకు సరిపడా తగ్గిస్తే 70 లక్షల బైట్లు చాలు. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి. ముందుముందు వచ్చే గొడవలన్నీ 26 కోట్లు మోయాల్సిన అవసరం లేని చోట మోయడం వల్ల వచ్చేవే.

"ఆబ్జెక్ట్‌నే ఇచ్చెయ్, మిగతాది జావాస్క్రిప్ట్ చూసుకుంటుంది"

ఈ సలహా ఒకప్పుడు నిజం. అందుకే ఇంకా బతికుంది. క్యూట్ అన్న యాప్ ఫ్రేమ్‌వర్క్‌లో, 2010లో వచ్చిన 4.7 వెర్షన్‌లో, వెబ్‌కిట్ వంతెన మీదుగా, యాప్‌లోని బొమ్మను (క్యూపిక్స్‌మ్యాప్‌నో క్యూఇమేజ్‌నో) ఒక ఆబ్జెక్ట్ ప్రాపర్టీగా పేజీకి తగిలిస్తే జావాస్క్రిప్ట్‌కు అది నిజంగా కనబడేది. వెడల్పు, ఎత్తు అడగొచ్చు. డేటా యూఆర్‌ఎల్‌గా, కాన్వాస్‌కు పనికొచ్చే ఇమేజ్‌డేటాగా మార్చుకోవచ్చు. పేజీలోని బొమ్మ ట్యాగ్‌కు నేరుగా అప్పగించొచ్చు. చూడముచ్చటైన ఏర్పాటు అది, రాసినవాళ్ళను మెచ్చుకోవాలి. అయితే అది నిలబడింది ఒకే ఆధారం మీద. పేజీ, యాప్ రెండూ ఒకే ప్రాసెస్‌లో, ఒకే మెమరీలో ఉండేవి.

ఆ ఆధారం పోయింది. 2014 డిసెంబర్‌లో క్యూట్ 5.4తో వెబ్‌ఇంజన్ వచ్చింది, 2016లో 5.6 నాటికి పాత వెబ్‌కిట్‌ను విడుదలలోంచే తీసేశారు. వెబ్‌ఇంజన్‌లో పేజీ నడిచేది వేరే ప్రాసెస్‌లో. రెంటి మధ్య మాటలు క్యూవెబ్‌చానెల్ మీదుగా జేసన్ రూపంలో నడుస్తాయి. క్యూఇమేజ్‌కు జేసన్‌లో రూపం లేదు. ఐఫోన్‌లోనూ ఇదే కథ. 2013లో ఐఓఎస్ 7తో జావాస్క్రిప్ట్‌కోర్, జేఎస్‌ఎక్స్‌పోర్ట్ వచ్చినప్పుడు యాప్ ఆబ్జెక్ట్‌ను పేజీకి చూపించడం సులువనిపించింది. మరుసటి ఏడే డబ్ల్యూకేవెబ్‌వ్యూ వచ్చి పేజీని వేరే ప్రాసెస్‌లోకి పంపింది. ఇప్పుడు దాని సందేశాల్లో వెళ్ళగలిగేవి ఆరే రకాలు: సంఖ్య, స్ట్రింగ్, తేదీ, అర్రే, డిక్షనరీ, నల్. బొమ్మ ఆ జాబితాలో లేదు. పాత యూఐవెబ్‌వ్యూ వాడే కొత్త యాప్‌లను ఆపిల్ 2020 ఏప్రిల్ నుంచి తీసుకోవడం మానేసింది కాబట్టి వెనక్కి వెళ్ళే దారి కూడా లేదు.

ఆండ్రాయిడ్‌లో ఈ సలహా మరీ మోసం చేస్తుంది. యాడ్‌జావాస్క్రిప్ట్‌ఇంటర్‌ఫేస్‌తో తగిలించిన ఆబ్జెక్ట్‌లోని ఒక మెథడ్ బిట్‌మ్యాప్‌ను తిరిగిస్తే ఎర్రర్ ఏమీ రాదు. పేజీ చేతికి ఒక ఆబ్జెక్ట్ వస్తుంది కూడా. కానీ ఆండ్రాయిడ్ 4.2 నుంచి, జావాస్క్రిప్ట్‌ఇంటర్‌ఫేస్ అన్న గుర్తు పెట్టిన మెథడ్‌లే పేజీకి కనబడతాయి. బిట్‌మ్యాప్ క్లాస్‌లో ఏ మెథడ్‌కూ ఆ గుర్తు లేదు. కాబట్టి చేతికొచ్చిన దానితో వెడల్పు కూడా అడగలేరు. సరే, బైట్ అర్రే తిరిగిద్దామంటే అర్రేలు అటునుంచి ఇటు రావు, అన్‌డిఫైన్డ్ వస్తుంది. కొత్తవాళ్ళు ఇక్కడ రోజుల తరబడి తమ కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటారు. ఆ వంతెనను కట్టిందే అలా. మీ తప్పేమీ లేదు, వెతకడం ఆపండి.

మరి దారి ఏది? ఆలీపూర్ బెల్వెడేర్‌లోని నేషనల్ లైబ్రరీలో తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతి అక్కడికి వెళ్ళాలి. పాఠకుణ్ణి పుస్తకాల గదుల్లోకి వదలరు. కావలసిన పుస్తకం వివరాలు చీటీ మీద రాసిస్తే సిబ్బంది లోపలికి వెళ్ళి తెచ్చి బల్లమీద పెడతారు. వెబ్‌వ్యూకు బొమ్మ ఇవ్వాల్సింది ఈ పద్ధతిలోనే. పేజీ చేతిలో బొమ్మ పెట్టకండి, బొమ్మకు ఒక చిరునామా ఇవ్వండి. పేజీ మామూలు బొమ్మ ట్యాగ్‌లో ఆ చిరునామా రాసుకుంటుంది. వెబ్‌వ్యూ ఆ చిరునామా కోసం అడిగినప్పుడు ఆ అడగడాన్ని యాప్ మధ్యలో అందుకుని, బైట్లను ప్రవాహంగా ఇస్తుంది. డీకోడ్ చేయడం, తెర మీద గీయడం, కనబడని బొమ్మను మెమరీలోంచి దించడం వంటి పనుల్లో బ్రౌజర్ ఇంజన్లకు ఏళ్ళ తరబడి అరగదీసిన నైపుణ్యం ఉంది. ఆ నైపుణ్యమంతా పనిచేసేది చిరునామా ఉన్న బొమ్మ మీదే. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగిలిన సలహాల్లో తప్పెక్కడుందో మీకే తెలిసిపోతుంది.

"బేస్64 చేసి స్ట్రింగ్‌గా పంపెయ్"

అన్నిటికన్నా ఎక్కువ వినబడే సలహా ఇదే, అన్నిటికన్నా ఎక్కువ ఫోన్ల ఉసురు తీసేదీ ఇదే. స్ట్రింగ్ ఏ వంతెన మీదైనా దాటుతుంది కాబట్టి బొమ్మను స్ట్రింగ్‌గా మార్చేస్తే సరి అనిపిస్తుంది. డెమోలో పని చేస్తుంది కూడా.

లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి వరసగా చూడండి. డిస్క్ మీద జేపెగ్ ఫైలుంది. దాన్ని యాప్ డీకోడ్ చేసి బిట్‌మ్యాప్ చేస్తుంది. పంపడానికి దాన్ని మళ్ళీ పీఎన్‌జీగా కుదిస్తుంది. ఆ బైట్లను బేస్64 చేస్తుంది. ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి, అంటే మూడోవంతు బరువు పెరుగుతుంది. ఆ అక్షరాలను ఒక జావాస్క్రిప్ట్ వాక్యంలో ఇరికించి ఇంకో పెద్ద స్ట్రింగ్ తయారవుతుంది. అది ప్రాసెస్ గోడ దాటేటప్పుడు ఇంకో ప్రతి. అవతల జావాస్క్రిప్ట్ ఇంజన్ ఆ వాక్యాన్ని చదివి తన దగ్గర స్ట్రింగ్‌గా పెట్టుకుంటుంది. బొమ్మ ట్యాగ్‌కు ఇస్తే మళ్ళీ బైట్లు, మళ్ళీ డీకోడ్, మళ్ళీ బిట్‌మ్యాప్. మొదట్లో డిస్క్ మీద ఉన్న జేపెగ్‌నే వెబ్‌వ్యూ డీకోడ్ చేయగలదు. మధ్యలో మనం చేయించిన చాకిరీ అంతా దండగ. పైగా ఆ ప్రతులన్నీ కొద్దిసేపైనా ఒకేసారి మెమరీలో ఉంటాయి. మెమరీ తక్కువ ఫోన్‌లో సిస్టమ్ ఆ కొద్దిసేపట్లోనే పేజీ ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఆండ్రాయిడ్ 8 నుంచి అలా చచ్చినప్పుడు ఆన్‌రెండర్‌ప్రాసెస్‌గాన్ అన్న కబురు యాప్‌కు వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే పేజీతో పాటు యాప్ కూడా పోతుంది.

కుదించకుండా ముడి పిక్సెళ్ళనే బేస్64 చేయమనేవాళ్ళూ ఉన్నారు. మన హెర్బేరియం షీటుకు లెక్క వేయండి: 26 కోట్ల బైట్లు దాదాపు 35 కోట్ల అక్షరాలవుతాయి. క్రోమియంలోని వీ8 ఇంజన్ 32 బిట్ల ఫోన్‌లో ఒక స్ట్రింగ్‌ను 27 కోట్ల అక్షరాల లోపే ఆపేస్తుంది. అంటే ఆ స్ట్రింగ్ నెమ్మదిగా వెళ్ళడం కాదు, అసలు పుట్టనే పుట్టదు.

ఇంకో చిన్న ముల్లు. ఆండ్రాయిడ్ బేస్64 క్లాస్‌ను డిఫాల్ట్ గుర్తుతో వాడితే ప్రతి 76 అక్షరాలకూ ఒక కొత్త లైను చొప్పిస్తుంది. దాన్ని కొటేషన్ల మధ్య పెట్టి ఇవాల్యుయేట్‌జావాస్క్రిప్ట్‌కు ఇస్తే లైను తెగిన చోటే సింటాక్స్ ఎర్రర్, బొమ్మ రాదు. నో_ర్యాప్ గుర్తు పెడితే ఆ గొడవ పోతుంది. ఇది చెప్పేది బేస్64ను నిలబెట్టడానికి కాదు, పాత కోడ్ బాగుచేయాల్సిన వాళ్ళకు ఉపయోగపడుతుందని.

బేస్64కు తగిన చోటు లేకపోలేదు. సంతకం గీత, చిన్న ఐకాన్, క్యూఆర్ కోడ్ లాంటి కొద్ది కిలోబైట్ల బొమ్మ ఒకేసారి పంపాలంటే పంపండి, తప్పేమీ లేదు. జాబితాలో వేలితో జరుపుతూ చూసే బొమ్మలకు మాత్రం వాడకండి. స్ట్రింగ్‌గా వెళ్ళిన బొమ్మను వెబ్‌వ్యూ కాష్‌లో గుర్తుపెట్టుకోదు. అదే బొమ్మ మళ్ళీ కావాలంటే మళ్ళీ మొదటినుంచీ మోయాల్సిందే. బిచిత్ర పేరుతో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం 2013లో లోకం ముందుంచిన టాగూర్ రాతప్రతుల పుటలే 47 వేలు దాటాయి. అలాంటి సంపదను చూపించే యాప్‌ను పుటకొక స్ట్రింగ్ పద్ధతిలో రాయాలని తలపెట్టినా నాకు బాధేస్తుంది.

"పిక్సెళ్ళు పంపు, కాన్వాస్‌లో గీయించు"

బేస్64 వద్దనగానే కొందరు ఇటు తిప్పుతారు. పిక్సెళ్ళనే టైప్డ్ అర్రేగా అవతలికి చేర్చి కాన్వాస్ మీద పరచమంటారు. ఇందులో బరువు సమస్య అలాగే ఉంటుంది, కొత్తగా రంగుల సమస్య వచ్చి చేరుతుంది. కాన్వాస్ ఇమేజ్‌డేటాలో బైట్ల వరస ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత. క్యూట్‌లో సాధారణంగా వాడే ఏఆర్‌జీబీ32 రూపం మన ఫోన్ల, కంప్యూటర్ల ప్రాసెసర్ల మీద నీలం, ఆకుపచ్చ, ఎరుపు, పారదర్శకత వరసలో పడి ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో గెట్‌పిక్సెల్స్ ఇచ్చే సంఖ్యల్ని బైట్లుగా చూసినా అదే వరస. చూసుకోకుండా పరిస్తే ఎరుపు, నీలం తారుమారవుతాయి. రాక్స్‌బర్గ్ చిత్రకారుడు అద్దిన మోదుగ పువ్వు కాషాయం నీలంగా కనబడుతుంది. మొక్కను ఎన్నడూ చూడని విద్యార్థి అదే నిజమనుకుంటే ఆ పాపం ఎవరిది? క్యూట్ 5.2 నుంచి ఆర్‌జీబీఏ8888 రూపం ఉంది, తప్పక పిక్సెళ్ళే పంపాల్సి వస్తే దానికి మార్చి పంపండి.

పారదర్శకత దగ్గర ఇంకో మడత ఉంది. యాప్‌లు బొమ్మను తరచుగా రంగుల్ని పారదర్శకతతో ముందే గుణించి దాచుకుంటాయి. ఇమేజ్‌డేటా అలా గుణించని రంగుల్ని ఆశిస్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి ఇస్తే అంచులు నల్లబడతాయి.

కెమెరా బొమ్మల్లో తిరుగుడు సంగతి కూడా ఉంది. నిలువుగా పట్టి తీసిన ఫోటోను చాలా ఫోన్లు అడ్డంగానే దాచి, ఎటు తిప్పాలో ఎగ్జిఫ్ వివరాల్లో రాస్తాయి. 2020 నుంచి క్రోమ్ బొమ్మ ట్యాగ్‌లో ఆ వివరం చదివి తనే తిప్పి చూపిస్తుంది. ఆండ్రాయిడ్ బిట్‌మ్యాప్‌ఫ్యాక్టరీ ఆ వివరాన్ని పట్టించుకోదు. అంటే ఫైలు బైట్లను చిరునామా మీదుగా ఉన్నవున్నట్టు ఇస్తే బొమ్మ సరిగ్గా నిలబడుతుంది. మీరు మధ్యలో డీకోడ్ చేసి మళ్ళీ కుదించి ఇస్తే ఎగ్జిఫ్ ఎగిరిపోయి మనిషి పక్కకు పడుకుంటాడు. తక్కువ పనితో మంచి ఫలితం వచ్చే సందర్భాలు ఇంజనీరింగ్‌లో అరుదు, ఇది అలాంటిది. వదులుకోకండి.

నిజంగా పిక్సెళ్ళతోనే పని ఉంటే? పుటలోని అక్షరాలు చదవాలి, ఆకు విస్తీర్ణం కొలవాలి. అప్పుడు ఆ పని పిక్సెళ్ళున్న చోటే, యాప్ వైపే చేయండి. ఫలితం మాత్రం పేజీకి పంపండి. గణాంక శాస్త్రవేత్త మన సి.ఆర్. రావుగారు దశాబ్దాలు పనిచేసిన బరానగర్ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే బి.బి. చౌధురి, ఉమాపద పాల్ అచ్చు బెంగాలీకి ఓసీఆర్ తయారుచేసి 1998లో ప్రచురించారు. పుట వంకర సరిచేయడం, పంక్తులు విడదీయడం, అక్షరాలు విడదీయడం, ప్రతి అడుగూ పిక్సెళ్ళన్నిటినీ తడిమే పనే. అలాంటి పనికి ఆరున్నర కోట్ల పిక్సెళ్ళను గోడ దాటించి జావాస్క్రిప్ట్ చేతికివ్వడం కన్నా, చదివిన పాఠాన్ని నాలుగు కిలోబైట్ల జేసన్‌గా దాటించడం ఎంత తేలిక!

"ఫైల్ యాక్సెస్ తెరిచెయ్, పని అయిపోతుంది"

ఇది చిరునామా పద్ధతిలాగే కనబడుతుంది, అందుకే ప్రమాదం. ఫైల్ చిరునామాను నేరుగా బొమ్మ ట్యాగ్‌లో పెట్టి, రాకపోతే వెబ్‌వ్యూ సెట్టింగుల్లో ఫైళ్ళకు సంబంధించిన గేట్లన్నీ తెరవమంటారు. ఫైలు పేజీలు ఇతర ఫైళ్ళను చదివే అనుమతిని ఆండ్రాయిడ్ 4.1 నుంచి, ఫైల్ యాక్సెస్‌నే 11 నుంచి మామూలుగా మూసి ఉంచుతున్నారు. మూసింది ఊరికే కాదు. తెరిస్తే పేజీలో దూరిన ఏ స్క్రిప్ట్ అయినా యాప్ సొంత ఫోల్డర్‌లోని డేటాబేస్, లాగిన్ టోకెన్ల దాకా చదవగలదు. ఫైల్ యాక్సెస్ ఒక్కటే తెరిస్తే పూర్తి లాభం లేదు: ఫైల్ చిరునామా నుంచి వచ్చిన బొమ్మను కాన్వాస్ మీద గీస్తే కాన్వాస్ అంటుపడుతుంది, దానిలోంచి పిక్సెళ్ళు చదవబోతే సెక్యూరిటీ ఎర్రర్ వస్తుంది.

"మన పేజీయే కదా, భయమేంటి" అన్న సలహాకూ ఇక్కడే జవాబు చెబుతాను. యాడ్‌జావాస్క్రిప్ట్‌ఇంటర్‌ఫేస్‌తో తగిలించిన ఆబ్జెక్ట్ ఆ వెబ్‌వ్యూలో తెరుచుకునే ప్రతి ఫ్రేమ్‌కూ కనబడుతుంది, ఐఫ్రేమ్‌లో వచ్చే ప్రకటనతో సహా. పాత ఆండ్రాయిడ్‌లో ఇదే దారిలో రిఫ్లెక్షన్ పట్టుకుని పేజీలోని స్క్రిప్ట్ ఫోన్‌లో ఏ ఆదేశమైనా నడపగలిగేది. సీవీఈ-2012-6636 అన్న పేరుతో నమోదైన లోపం అది. 4.2లో జావాస్క్రిప్ట్‌ఇంటర్‌ఫేస్ గుర్తు తప్పనిసరి చేసింది అందుకే. ఆ లోపం పూడ్చినా, మీరు గుర్తు పెట్టిన మెథడ్ మాత్రం ఎవరైనా పిలవొచ్చు. అది ఖాతాదారు ఆధార్ ఫోటోను తిరిగిచ్చే మెథడ్ అయితే? పేజీలో మీరు చేర్చిన అనలిటిక్స్ స్క్రిప్ట్ కూడా పేజీయే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తర్వాత ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది యాప్ నడిపే సంస్థే. బ్యాంకు, బీమా, ఆస్పత్రి పనులు చేసేవాళ్ళు ఈ పేరా మళ్ళీ చదవండి.

ఇక సరైన పద్ధతిని వేదికల వారీగా.

ఆండ్రాయిడ్‌లో షుడ్‌ఇంటర్‌సెప్ట్‌రిక్వెస్ట్ వాడండి, లేదా దానిమీదే కట్టిన వెబ్‌వ్యూఅసెట్‌లోడర్ వాడండి. పేజీ, బొమ్మలు రెండూ ఒకే హెచ్‌టీటీపీఎస్ మూలం కింద ఉన్నట్టు కనబడతాయి, కాన్వాస్ అంటుపడదు, ఫైల్ గేట్లు తెరవక్కర్లేదు. షుడ్‌ఇంటర్‌సెప్ట్‌రిక్వెస్ట్ యూఐ థ్రెడ్ మీద నడవదు. అక్కడ వ్యూలను తాకకండి, ఇన్‌పుట్‌స్ట్రీమ్ మాత్రం ఇచ్చి పంపండి. పేజీ, యాప్ మాట్లాడుకోవడానికి వెబ్‌మెసేజ్‌లిజనర్ మేలు, ఏ మూలాలకు అనుమతో అక్కడ జాబితాగా చెప్పొచ్చు. పాత ఇంటర్‌ఫేస్ వంతెనే వాడాల్సి వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి: యాప్ జవాబిచ్చేదాకా పేజీలోని జావాస్క్రిప్ట్ కదలకుండా ఆగి ఉంటుంది. అందులో డీకోడింగ్ పెడితే తెర బిగుసుకుపోతుంది.

ఐఫోన్‌లో ఐఓఎస్ 11 నుంచి డబ్ల్యూకేయూఆర్‌ఎల్‌స్కీమ్‌హ్యాండ్లర్ ఉంది. హెచ్‌టీటీపీఎస్‌ను అందుకోనివ్వదు, సొంత స్కీమ్ పెట్టుకోవాలి. పేజీని కూడా ఆ స్కీమ్ నుంచే ఇస్తే మూలాల తగువు రాదు. దీనిలో అందరినీ పడగొట్టే గుంట ఒకటుంది. వాడుకరి గబగబా జరుపుతుంటే వెబ్‌వ్యూ కొన్ని బొమ్మల్ని మధ్యలోనే వద్దంటుంది. వద్దన్న తర్వాత ఆ టాస్క్‌కు మీరు బైట్లు ఇస్తే ఎక్సెప్షన్ వచ్చి యాప్ మూతపడుతుంది. ఏ టాస్క్‌లు ఇంకా బతికున్నాయో ఒక జాబితా ఉంచుకుని, ఇచ్చే ముందు చూసుకోండి. మరొకటి: యూజర్‌కంటెంట్‌కంట్రోలర్ తనకిచ్చిన హ్యాండ్లర్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. వ్యూకంట్రోలర్‌నే హ్యాండ్లర్‌గా ఇస్తే తెర మూసినా అది మెమరీలోంచి కదలదు, దాని చేతిలో ఉన్న బొమ్మలూ కదలవు.

క్యూట్‌లో క్యూవెబ్‌ఇంజన్‌యూఆర్‌ఎల్‌స్కీమ్‌హ్యాండ్లర్. స్కీమ్‌ను అప్లికేషన్ ఆబ్జెక్ట్ పుట్టకముందే నమోదు చేయాలి. బైట్లిచ్చే డివైస్ ఆ పని ముగిసేదాకా బతికుండాలి. పాత వెబ్‌కిట్ కోడ్ ఇంకా నడుపుతున్నవాళ్ళకు ఒక మాట: పేజీ మారిన ప్రతిసారీ విండో ఆబ్జెక్ట్ తుడిచిపెట్టుకుపోతుంది, దానికి తగిలించినవి మళ్ళీ తగిలించాలి. జావాస్క్రిప్ట్‌విండోఆబ్జెక్ట్‌క్లియర్డ్ సిగ్నల్ ఉన్నది దానికోసమే.

చిరునామా ఎలా ఉండాలన్నదే అసలు పనితనం. 2011లో మొదలైన ఐఐఐఎఫ్ ఉద్యమం గ్రంథాలయాల, మ్యూజియంల బొమ్మలకు ఒక చక్కటి పద్ధతి పెట్టింది: చిరునామాలోనే బొమ్మ గుర్తు, కావలసిన భాగం, కావలసిన పరిమాణం, తిప్పే కోణం, నాణ్యత వరసగా ఉంటాయి. మీ యాప్ లోపలి చిరునామాలకూ అదే పద్ధతి పెట్టుకోండి. పేజీ "ఈ షీటు, 1,080 వెడల్పు" అని అడిగితే యాప్ అంతే ఇస్తుంది. 26 కోట్ల బైట్లు ఎక్కడా పుట్టవు. వేళ్ళతో పెద్దది చేసినప్పుడు ఆ ముక్క మాత్రం అడుగుతుంది. ముక్కను మాత్రమే డీకోడ్ చేయడానికి ఆండ్రాయిడ్‌లో బిట్‌మ్యాప్‌రీజియన్‌డీకోడర్, క్యూట్‌లో క్యూఇమేజ్‌రీడర్ క్లిప్‌రెక్ట్ ఉన్నాయి. చిన్న ప్రతులకు ఐఫోన్‌లో ఇమేజ్‌సోర్స్ థంబ్‌నెయిల్ ఉంది.

చిరునామాలో ఫైల్ దారి పెట్టకండి. రెండు చుక్కలు, ఒక గీత పెట్టి పై ఫోల్డర్లలోకి ఎగబాకే పాత ఎత్తుగడ ఇప్పటికీ పనిచేస్తుంది. యాప్‌లో ఒక పట్టిక ఉంచి, ఊహించలేని గుర్తులిచ్చి, పట్టికలో ఉన్నవాటికే జవాబివ్వండి. బొమ్మ మారితే చిరునామా చివర వెర్షన్ సంఖ్య మార్చండి, అప్పుడు కాష్ పాతది చూపించదు. పేజీలో బ్లాబ్ చిరునామాలు పుట్టిస్తుంటే పని అయ్యాక వాటిని రద్దు చేయండి, లేకపోతే పేజీ మూసేదాకా ఆ బైట్లు అలాగే ఉండిపోతాయి.

"నా ఫోన్‌లో బాగానే ఉందిగా" అన్న మాటతో పరీక్ష ముగించకండి. మీ టీమ్‌లో అందరికన్నా పాత, చవక ఫోన్ తెచ్చి, రెండొందల బొమ్మలు వరసగా జరిపి చూడండి.

రేపు ఆఫీసుకు వెళ్ళగానే మీ ప్రాజెక్ట్‌లో బేస్64 అన్న మాట, యాడ్‌జావాస్క్రిప్ట్‌ఇంటర్‌ఫేస్ అన్న మాట వెతకండి. బొమ్మను తిరిగిచ్చే మెథడ్ కనబడిన ప్రతిచోటా, అది చిరునామాను తిరిగిచ్చేలా మార్చండి. ఒకేసారి అన్నీ కాకపోతే జాబితా తెరతో మొదలుపెట్టండి, ఫోన్లు ఎక్కువగా చచ్చేది అక్కడే.